నిమ్ము

బోరు ఏడొందల అడుగులు దించినా
మా చీమకుర్తి నేలలో నిమ్ము తగల్లేదు.
మనుషుల రొమ్ముల్లో మాత్రం
రెండంగుళాలకే తగులుద్ది.

నేను ఎక్స్‌రే గదివాణ్ణి.
పొద్దున్నించీ చెప్పే మాటలు రెండే:
గాలి పీల్చు. బిగబట్టు.
మూడోది, ఇంక వదులు,
ఒక్కోసారి మర్చిపోతా.
పాపం, గుమ్మం దాకా బిగబట్టుకునే పోతారు కొందరు.

క్వారీ రేకుల షెడ్డు నించి ఒరిస్సా పిల్ల బాసంతి,
ఒళ్లో తొమ్మిదో నెల బిడ్డ.
నా దాకా చీటీ రానేలేదు.
సుగుణమ్మ సిస్టరు చొక్కా పైకెత్తి
గోడ గడియారం చూస్తా
నిమిషం నిండా లెక్కపెట్టింది.
సగం లెక్కపెట్టి రెట్టింపు చేసే రకం కాదు ఆవిడ.
"అరవై నాలుగు. యాభై దాటితేనే నిమ్ము కింద లెక్క.
డొక్కలు లోపలికి పడతన్నై చూడు."
తెలుగు రాని తల్లికి
తన డొక్క తానే ఎగరేసి చూపించింది.
తొలి సూది ఇక్కడే వేసి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి
నూటెనిమిది బండిలో ఒంగోలు పంపింది.
నా మిషను బటను నొక్కకుండానే
ఊపిరితిత్తుల ఫోటో తీసేసింది.

ఇంటర్ కుర్రాడొకడు ఫోను చూసుకుంటా నడిచొచ్చాడు.
వాడి ఫిల్మ్ చూసి నేనే కుర్చీ వేశాను.
మందుబిళ్లలతోనే పోయింది వాడిది.

బూదవాడ అవ్వకి జ్వరం లేదు, దగ్గూ లేదు.
"రాత్రి నించి కోడల్ని
చచ్చిపోయిన ఆడబిడ్డ పేరుతో పిలుస్తా ఉంది" అన్నాడు కొడుకు.
జుబేదా డాక్టరమ్మ తలకి కాదు, ఛాతీకి రాసింది.
కుడి పక్క అడుగున
మీగడ కట్టినంత తెలుపు.
ముసలి ఒంట్లో నిమ్ము
తప్పుడు పేరై కూడా బయటికొస్తదంట.

మాలకొండయ్యది మాత్రం
పుస్తకంలో రాసినట్టే వచ్చింది.
ఒణుకు జ్వరం, పక్కలో పోటు, తుప్పు రంగు కళ్లె.
డాక్టరమ్మ అతని వీపు మీద ఒక వేలానించి
ఇంకో వేలితో తట్టుకుంటా దిగింది.
పైన మోగింది. మధ్యలో మోగింది.
కింద, తడి గోనె మీద కొట్టినట్టు, తప్.

వెనక్కి తిరక్కుండానే నవ్వాడతను.
"రాయిని మేమూ ఇట్టాగే తడతాం అమ్మా.
మోగితే సరుకు.
మొద్దుగా పలికితే లోపల బీట."
"బీట కాదులే. నిండింది. కరిగిద్దాం" అంది.

మూడోనాటికి జ్వరం దిగింది.
వారం సూదులయ్యాక, చేతిమీద దూది నొక్కుకుంటా
పనిలోకి పోయాడు.

ఆరు వారాలకి మళ్లీ నా ముందు నిలబడ్డాడు.
తెల్లముద్ద పోయింది.
దాని చాటున ఉన్నది మిగిలింది:
రెండు పక్కలా, పైన,
నలుపు మీద సన్నగా చల్లిన చుక్కలు.

ఈ వాటం ఎక్కడో చూశాననుకున్నా.
చూడటమేంది,
మోచేతులానించి నిలబడే ఉన్నా దాని మీద.
మా గదిలో బల్ల. గెలాక్సీ రాయి.
ఆసుపత్రికని క్వారీవాళ్లు ఊరికే ఇచ్చిన పలక.
"మా షెడ్డుదే" అన్నాడు మాలకొండయ్య, అరచేత్తో నిమిరి.
"ఇరవై రెండేళ్లు పట్టా ఈ నునుపు."

కళ్లె రెండుసార్లు పరీక్షకి పోయింది.
క్షయ కాదని రాసుకొచ్చింది.
కాదంటే సంతోషించాలో లేదో
తెలీని కాయితం అది.

డాక్టరమ్మ ఫిల్మ్ వెలుతురుకి పట్టుకునే చెప్పింది:
"నిమ్ముకి మందుంది. దుమ్ముకి లేదు."
"పని మానితే తగ్గిద్దా అమ్మా?"
"తగ్గదు. పెరిగేది నిదానిస్తది."

బిగబట్టి విన్నాడు ఆ మాట.
ఆమె పోయినా ఇంకా బిగబట్టే ఉన్నాడు.
"ఇంక వదులు" అన్నాను నేను.

నునుపు చూడాలంటే
రాయి మీద ఊదుతారంట వాళ్లు.
అలవాటున వంగి, పలక మీద వదిలాడు.
అరచేయంత మేర చెమ్మ కమ్మి
చుక్కలన్నీ మాయమైనై,
రెప్పపాటు.
తర్వాత అంచుల నించి ఆరుకుంటా
ఒక్కోటే తేలినై.