అనుభవం కాడ రెండు వేళ్ల జాగ

దేవరకద్ర బస్టాండు ఎదురుంగ
జిరాక్సు దుకాణంల కూసోని
నా పేరు నేనే ఒప్పజెప్తి:
కుర్వ సవారమ్మ.
పిలగాడు 'సావరమ్మ' అని కొట్టిండు.
దీర్ఘం ఒక్కటి అటు జరిగినందుకే
పేరుల సావు వచ్చి కూసున్నది.

పశువైద్య విశ్వవిద్యాలయంల
నాల్గో తరగతి కొలువట.
కొట్టం ఊడ్సుడు, పేడ ఎత్తుడు,
డాక్టరు సూది ఏసేటప్పుడు బర్రెను మెదలకుండ పట్టుడు.
కాగితం మీద దీనికి పెద్ద పేరున్నది:
సహాయక సిబ్బంది, ఒప్పంద ప్రాతిపదిక.
ఇంట్ల ఇదే పనికి
ఇన్నేండ్లు పేరే లేకుండె.

మంద అమ్మి ఏడాదాయె.
మేపే బీడుల తెల్లరాళ్లు పాతిండ్రు, ప్లాట్లట.
గొర్లు రాళ్లు మేస్తయా?

ఏడో తరగతి సర్టిఫికెట్
నర్వ బడిది, మడత కాడ చినిగింది,
పసుపు డబ్బల దాస్తే పచ్చగయ్యింది.
కులం కాగితానికి మీసేవ కాడ మూడు దినాలు.
మూడో దినం సర్వర్ లేదన్నరు.
సారేమో అనుకొని
వచ్చిందాక కూసుంటనంటి.

పుట్టిన తేది: జనవరి ఒకటి.
మా వాడల సగం మంది ఆ దినమే పుట్టిండ్రు ఆధార్‌ల.
ఒక్క రాత్రిల అందరికి పురుడు పోసిన
ఆ మంత్రసాని ఎవ్వతో!

"అనుభవం?" అన్నడు పిలగాడు.
తెర మీద రెండు వేళ్ల జాగ.

ఏం చెప్పాలె?
కొత్తకోట బాటల, నడిజామున, ముసురుల
అడ్డం తిరిగిన పిల్ల.
సెల్లు లైటు నోట్ల కరుసుకొని
ఈ చేత్తోటే మలుపుతుంటి.
ఒక కాలు దొరికింది, రెండోది దొరకలే.
తల్లి గొర్రె అరవలే, నా దిక్కే చూసింది.
జారినంక ముక్కుల గడ్డిపోస పెట్టి తుమ్మిపిస్తి,
తుమ్మితేనే ఊపిరి.
చిటుక రోగం
నిలబడ్డ గొర్రెను నిలబడ్డట్టే ఎట్ల పడగొడ్తదో,
నెమరు ఆగిన బర్రె
కండ్లు ఎట్ల మసకబారుతయో
ఇవి రాయి బిడ్డా, అంటి.

"యాభై అక్షరాలు దాటొద్దక్కా.
రుజువు గుడ పెట్టాలె."

కుడి మణికట్టు సూపిస్తి.
మక్తల్ సంతల కొన్న పొగరు కోడె
తాడు గుంజిన మచ్చ, ఇంక తెల్లగనే ఉన్నది.
స్కాన్ చేస్తవా అంటి.
నవ్విండు. నవ్వి ఆగిండు.
"అక్కా, నేను గుడ అదే పోస్టుకు పెట్టిన."

పేరు భీమేష్. బీకాం. తాయప్ప కొడుకు.
వీని అనుభవం కాడ గీత గీసున్నది.
ఉన్నయి రెండే కొలువులు,
మూడు జిల్లాల నుంచి ఎంతమందో.
"నాకు బర్రె అంటే భయం" అని
తెర దిక్కు చూసుకుంటనే అన్నడు.

ఎనక నుంచి పోకు, అంటి.
నీ మాట దానికి ఇనిపియ్యనియ్యి.
ముందుగాల గంగడోలు గోకు, అది మెడ సాపుతది,
అప్పుడు పట్టు.
తాడు మాత్రం మణికట్టుకు సుట్టుకోకు,
సుట్టుకుంటే ఇట్లయితది.
ఛార్జర్ వైరు తీసి
కుర్చీ కాలుకు ముడి ఏసి సూపిస్తి,
ఎంత గుంజినా బిగిసే ముడి,
కొస పడ్తె ఊడే ముడి.
రెండుసార్లు తప్పిండు. మూడోసారి వచ్చింది.

ప్రింటుకు ఇరవై అడిగిండు, ఇస్తి.
ముడికి నేనేం అడగలే.

బస్సు కదిలినంక కాగితం విప్పి సదివితి.
పేరుల దీర్ఘం సక్కగైంది.
అనుభవం కాడ 'గొర్రెల పెంపకం, 22 ఏండ్లు' అని ఉన్నది.
కింద, స్త్రీనా పురుషుడా అన్న కాడ
పురుషుడు అని ఉన్నది.
కోడెను పట్టిన చెయ్యి
ఇంకెవరిదైతది అనుకున్నదేమో ఆ మిషిను.
దిగి ఎనకకు పోదునా అనుకుంటి.
అప్పటికే మరికల్ దాటింది.