ఇరవై ఏడు అంగుళాలు

నా పని మోటార్లకి తీగ చుట్టడం.
చించినాడ వంతెనకి ఇవతల
వార్నిష్ వాసనేసే రేకుల షెడ్డు నాదే.
కాలిపోయిన ఏరేటర్లు వస్తాయి,
రొయ్యల చెరువు బురద ఇంకా ఆరకుండానే.
ఎన్ని చుట్లు, ఎంత లావు రాగి,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చెప్పేస్తాను.

అలాంటివాణ్ణి ఆరో తీగ దగ్గర ఓడిపోయాను.

మా బ్యాండులో నలుగురం. డ్రమ్ములు అబ్షాలోము.
గొంతు దైవకృపది.
పగలు నర్సాపురంలో లేసు అల్లికల లెక్కలు రాస్తుంది,
రాత్రి అదే గొంతు బోరు గొట్టంలోంచి లేస్తుంది.
"ఇంకా దించు" అంటుంది.
ఈ నుంచి డీకి, డీ నుంచి సీకి,
బీ దగ్గరికొచ్చేసరికి నా పాత గిటారు తీగ
తడిబట్టలు మోసి మోసి వేలాడిన దండెం.
మీటితే స్వరం రాదు, మెట్ల మీద గలగల.

లావు తీగ వేశాను. నట్టు గాడిలో పట్టలేదు.
ఆకురాయితో గాడి అరగదీశాను. మెడ వంగింది.
మెడ సరిచేస్తే పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి తప్పింది.
ఇక్కడ గట్టేస్తే అక్కడ గండి.

పదకొండు మోటార్ల డబ్బు కట్టగట్టుకుని
రాజమండ్రి బస్సెక్కాను.

"ఆయ్, ఇది చూడండి" అని తటవర్తి నాగేశం గారు
ముందు నీలంది తీశారు.
నెమలి కంఠం రంగు, బ్రిడ్జి కింద స్ప్రింగులు.
అద్దంలో నాకూ బాగానే ఉంది.
"లీడా అండి, రిథమా?"
జవాబు చెప్పకుండా జేబులోంచి దర్జీ టేపు తీశాను.
నట్టు నుంచి బ్రిడ్జి దాకా ఇరవై అయిదున్నర.
స్ప్రింగులున్నది వద్దన్నాను.
ఒకణ్ణి దించితే మిగతా అయిదుగురూ పైకి లేస్తారు,
పొలం వాటాల దగ్గర లాగ.

ఏడు తీగలది కూడా చూపించారు.
ఆరింటితోనే అప్పులున్నాయండి అన్నాను.

మూల కీబోర్డు పెట్టెల వెనకాల
ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని గోధుమరంగుది,
ఎండిన తాటిమట్టలా, మెడ పొడుగ్గా.
టేపు పెట్టాను. ఇరవై ఏడు.
మళ్ళీ పెట్టాను.

ప్లగ్గు వద్దన్నాను. ఆంప్ ఎవర్నైనా పెద్దమనిషిని చేసేస్తుంది.
చెక్కకి చెవి ఆనించాను,
స్క్రూడ్రైవరు పిడికి చెవి పెట్టి
లోపలి బేరింగు వినేటట్టు.
ఇంటి నుంచి తెచ్చుకున్న అరవై రెండు నంబరు తీగ వేసి
ఏ దాకా దించి, ఒక్కసారి మీటి, లెక్కపెట్టాను.
పద్దెనిమిది దాకా తొణకలేదు.
నీలందానికీ ఓ అవకాశం ఇచ్చాను,
అది తొమ్మిదికే నీళ్ళు నమిలింది.

వాళ్ళింటి నీళ్ళ మోటారు చుట్టిస్తానంటే
రెండు వేలు తగ్గించారు నాగేశం గారు.
తిరుగు బస్సులో కండక్టరు దాని మెడ చూసి
"అర టిక్కెట్టు కొట్టమంటావా" అన్నాడు.

రాత్రి షెడ్డులో ఆంప్ పెట్టాను.
బయట చెరువుల నిండా చక్రాలు, ఒకటే హోరు.
ఇన్నేళ్ళూ దాన్ని పనిగా విన్నాను,
శ్రుతిగా ఎప్పుడూ వినలేదు.
నా ఏ కంటే రెండు మెట్లు కింద ఉంది అది.
కరెంటోళ్ళ జీ.

దించాను. తీగ కాస్త సడలింది గానీ నిలబడింది.
మీటితే, గిటారు ఎక్కడ ఆగిందో
చెరువు ఎక్కడ మొదలైందో నాకే తెలీలేదు.

గట్టు మీంచి టార్చి వెలుగొచ్చింది.
కాపలా బుల్లియ్య.
"ఎవరి మోటారయ్యా అది? బేరింగు పోయినట్టుందే."
ఇది బాగానే ఉంది బుల్లియ్యా అన్నాను.
వెళ్ళిపోతాడనుకున్నాను.
టార్చి ఆర్పేసి, వార్నిష్ డబ్బా తిరగేసుకుని కూర్చుని
చాలాసేపు విన్నాడు.
"ఇంకాస్త కిందకి ఎల్తదా?" అన్నాడు.