ఇంజను ఆగాక

ఇంజను ఆగాక కూడా
సైమి కారు దిగదు.
వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను.
పిలవకూడదని
రొవానియెమిలో కాపురం పెట్టిన మొదటి చలికాలమే నేర్చుకున్నాను.

అయిదు నిమిషాలైతే తాగుబోతుల తగువు.
పదిహేనైతే
ఎవరి తలుపో తట్టి, బూట్లు విప్పకుండానే
చెప్పాల్సింది చెప్పి వచ్చిందన్నమాట.
దాన్నిబట్టి పొయ్యి వెలిగిస్తాను.
రై గంజి ఇట్టే గట్టిపడుతుంది.
ఆమె కూడా.

పక్కింటి పెంటి నన్ను చూస్తే చాలు
పగిలిన కారు లైటుకి అడ్డంగా నిలబడతాడు,
యూనిఫాం నేనే తొడుక్కున్నట్టు.
మంచు ఎత్తిపోయడానికి మాత్రం
మా పారే కావాలి ఆయనకి.

ఇవాళ నలభై నిమిషాలు.
అద్దాలకి ఆవిరి పట్టి
లోపల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు.
ఇంటి చెప్పులతోనే, కోటు మరిచి,
వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.
మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు.
ఏప్రిల్ కదా,
కెమి నది మీద మంచు పలచబడే రోజులు.

"ఇల్మో చేతి తొడుగులు ఆరాయా?" అంది.
"ఆరాయి. హీటరు మీదున్నాయి."
"రెండూనా?"
"రెండూ."

కాసేపాగి మళ్లీ అదే అడిగింది.
అదే చెప్పాను.

లోపల గంజి అడుగంటుతూనే ఉంటుంది.
అంటనీ.
గిన్నె రేపు గోక్కోవచ్చు.
ఆమె చేతిలోంచి తాళాలు తీసుకున్నాను,
ఇంకా తలుపు తెరవలేదు.