అడుగు

కాగితం మీద డాన్ నది ఒక నీలం గీత.
దానికి అడ్డంగా పెన్సిల్‌తో ఇంకో గీత గీసి
ముప్పై ఎనిమిది మీటర్లు అని రాశాను.
స్టానిఫోర్త్ కళ్ళజోడు పైకి నెట్టుకుని
"అడుగుల్లో చెప్పమ్మాయ్" అన్నాడు.
నూట పాతిక, కాస్త తక్కువ.
"అంతేనా! ఆ కాస్తకా ఇన్నేళ్ళూ
రింగు రోడ్డు చుట్టూ తిరిగి చస్తున్నాం!"

షెఫీల్డ్‌లో ఈ కాలిబాట
పాత ఉక్కు కర్మాగారాల వెనక గోడలు పట్టుకుని
నదితో కబుర్లాడుతూ వచ్చి వచ్చి
ఇక్కడ, ఒక ఇనుప కంచె ముందు,
చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు ఆగిపోతుంది.
అవతలి ఒడ్డున గుర్తొచ్చి మళ్ళీ మొదలవుతుంది.
మధ్యన నీళ్ళు,
నీళ్ళలో బోర్లాపడ్డ సూపర్‌మార్కెట్ తోపుడుబండి,
దాని చక్రం మీద ఒక బూడిదరంగు కొంగ.

మంగళవారం సాయంత్రం చర్చి హాల్లో మ్యాపు పరిచి
టీ కాచి, మనిషికొక పచ్చ స్టిక్కరిచ్చి
"ఎక్కడ దాటాలనుంది?" అని అడిగాం.
జనం అడిగించుకోడానికి రాలేదు, అడగడానికొచ్చారు.

"ఏటవాలు ఎంత?" అంది హోదాన్.
ఇరవైకి ఒకటి, అన్నాను, చక్రాల కుర్చీకి సరిపోయే లెక్క.
"వానలో, జంట పిల్లల బండితో, పది కిలోల బియ్యం సంచితో?"
బియ్యం సంచి, అని రాసుకున్నాను.
ప్రమాణాల పుస్తకంలో ఆ బరువు లేదు.
గాలం వేసే ముసలాయన దీపాలు వద్దన్నాడు, చేపలు బెదురుతాయట.
రాత్రి డ్యూటీ నర్సు దీపాలు లేకపోతే వంతెనే వద్దంది.
రెండూ ఒకే వరసలో రాశాను. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

హోదాన్ పెద్ద కొడుకు లిబాన్
తన స్టిక్కరు ఏ ఒడ్డునా పెట్టలేదు,
నది నడిమధ్యన అంటించాడు.
అక్కడేముంది నాన్నా?
"ఏం లేదు. అక్కడ ఆగుతా."

మిగతా స్టిక్కర్లన్నీ ఒక్కచోటే గుంపుగా పడ్డాయి.
పొద్దున వెళ్ళి చూస్తే అక్కడొక నీటి గొట్టం
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.
ఎక్కకుండా కొట్టిన ఇనుప ముళ్ళు
పట్టుకుని పట్టుకుని నున్నబడ్డాయి.
మాకంటే ముందే ఎవరో దారి వేసేశారు.
దాని పక్కనే, నా పెన్సిల్ గీత సరిగ్గా దిగే చోట,
అంజూరపు చెట్టు.

ఈ చలిలో అంజూరమా?
స్టానిఫోర్త్ నవ్వాడు. "మా కొలుములు చల్లార్చిన నీళ్ళతో
అప్పట్లో ఏరు గోరువెచ్చగా ఉండేది.
ఎవడో తిన్న పండు గింజ, ఏ దారిన రావాలో ఆ దారినే,
మురుక్కాలవలో వచ్చి, వెచ్చగా ఉందని దిగిపోయింది.
మేం చల్లారిపోయాం. అది ఉండిపోయింది."

గీతను నాలుగు మీటర్లు ఎగువకు జరిపాను.
జరపడానికి రబ్బరు చాలు, కట్టడానికి నలభై వేల పౌండ్లు.
ఆఫీసులో ఫిలిప్పా చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, పోటీలో బహుమతి రావలసిన ఆ స్టీలు తోరణాన్ని
తనే కొట్టేసింది. "వంతెన నడవడానికి, ఫోటోకి కాదు."
ఆ ఊపులో నేను నడిమధ్యన ఒక మీటరు వెడల్పు పెంచాను,
కారణం అనే గడిలో 'ఆగడానికి' అని రాసి.

ఇంకా చాలా ఉంది. వరద మట్టం చూడాలి.
నది అడుగున గట్టినేల ఎంత లోతులో ఉందో
బోరు వేసేవాళ్ళు చెప్పాలి. డబ్బిచ్చేవాళ్ళు వసంతందాకా చెప్పరు.
పటం మూలన ఒక గడి: ఆయుష్షు, నూట ఇరవై ఏళ్ళు.
దాని కింద ఇంకోటి: ఆమోదం. ఖాళీ.

చీకటి పడే వేళ కంచె దగ్గర నిలబడ్డాను.
కొంగ తోపుడుబండి దిగింది.
ఒక అడుగు వేసి, అడుగు తగిలిందో లేదో చూసుకుని,
ఇంకొకటి వేసింది.
నేను లెక్కపెడుతున్నాను.
మధ్యలో ఆగింది.