దవడ

మడతబల్లకి నోరు పడిపోయింది.
రెండు పలకల్లో ముందుది
తడిసిన అటుకుల్లా ఉబ్బి పొరలు లేచింది.
పిడి తిప్పితే మర తిరుగుతుంది, పలక కదలదు.
కదిలినా కరవదు.
కరవని బల్ల మీద రంపం పెడితే
చెక్క పారిపోతుంది, వేలు దొరికిపోతుంది.

పదకొండేళ్ళు.
బండి వెనకాల రబ్బరు తాళ్ళతో కట్టుకుని
కంచిలి, సోంపేట, కవిటి, మధ్యలో జీడితోటల ఇసక దారులు.
ఏ వాకిట్లో దించితే అదే నా కొట్టు.
కాళ్ళు విప్పి మడమతో ఒక్క తన్ను తంతే
ఠప్పున నిలబడేది.
ఈమధ్య తన్నినా
ఓ పక్కకి ఒరిగి ఆలోచిస్తోంది.

పాసింజరెక్కి బరంపురం వెళ్ళాను.
పలక ఒక్కటీ రాదు, మొత్తం బల్లే కొనాలన్నాడు కొట్టువాడు
ఫోనులోంచి తలెత్తకుండా.
కొత్తది నాలుగు వేల రెండొందలు.
చేత్తో ఊపితే ఉయ్యాల.
గోటితో గీరితే పిండి.
"ఏటి బాబూ, బల్లా? బిస్కత్తా?"
రెండు మరలు మాత్రం కొనుక్కుని
మళ్ళీ అదే బండికి తిరిగొచ్చాను.

వెల్డింగు ఢిల్లేసు కాలి విరుపు తడిమి
"ఇది ఇనుం కాదు మావా, రేకు" అన్నాడు.
పాత సైకిలు ఇరుసు ముక్కొకటి పెట్టి అతికాడు.
డబ్బులెంతంటే
"మా మేకలసాలకి తలుపు నేదు" అన్నాడు.

పలకకి చెక్క కావాలి.
దమయంతి పిన్ని అటక మీద ఉందన్నారు,
తిత్లీ రాత్రి పడిపోయిన పనస.
కోయించి, గోనె కప్పి, ఇన్నేళ్ళూ దాచింది.
"ఎందుకు దాచినావు పిన్నీ?"
"పారీనేక."
"ఎంతిమ్మంటావు?"
"డబ్బులేటికి? వానొస్తే పెరటి తలుపు బిగిసిపోతంది.
ముందదొచ్చి సూడు."

చిత్రిక కింద పసుపు చుట్టలు చుట్టలుగా లేచింది.
తొన వాసనేమైనా వస్తుందేమోనని
లోకనాథం ముక్కు ఆనించి చూశాడు.
తుమ్మాడు.
పోయిన ప్లాస్టిక్కు గుబ్బలకి బదులు
జామకొమ్మ చెక్కి నాలుగు సీలలు చేశాను.
వెనక పలక పాతదే ఉంచాను, ఇంకా బాగానే ఉంది.
ఒక దవడ కంపెనీది,
ఒక దవడ ఉద్దానానిది.

ఊడదీసిన పలక నిండా నా తప్పులే.
అవతలికి దిగిపోయిన బెజ్జాలు,
బడి కిటికీల నీలం రంగు చుక్కలు,
టీ గ్లాసు అడుగు సున్నాలు,
ఓ మూల పెన్సిలుతో: బైరి నీలాచలం, 850.
ఇంకే కాగితం మీదా లేదా లెక్క.
జానికి దాన్ని పొయ్యిలో పెడితే
మంట రాలేదు, జిగురు కంపొచ్చింది.
ఆ పూట అన్నం కూడా అదే వాసన.
పెట్టకముందే
కొత్త పలక అడుగున రాసుకున్నాను:
బైరి నీలాచలం, 850.
పనసచెక్క మీద నా మొదటి గీత అదే.

మాట ప్రకారం మొదటి పని పిన్ని తలుపు.
తలుపు తీసి దవడల మధ్య నిలబెట్టి
రెండు పిడులూ తిప్పాను.
కరిచింది.
కిక్కురుమనలేదు.
పిన్ని వచ్చి తలుపుని కాదు, పలకని తట్టింది,
ఊరెళ్ళొచ్చిన మనిషి భుజం తట్టినట్టు.
అప్పుడే లోకనాథం రంపం జారి
పలక అంచున అర అంగుళం దిగింది.
నేను చెయ్యెత్తాను.
"ఒగ్గీరా," అంది పిన్ని,
"అది పడినప్పుడు మా వంటింటి పెంకులు
సగం పట్టుకుపోనాది. అప్పుడు నాను దాన్నేటన్నాను?"

తలుపు ఇప్పుడు వేలితో తోస్తే పడుతుంది.
బల్ల మాత్రం మూడు కిలోలు బరువెక్కింది.
కవిటి రోడ్డు మీద బండి ఎడమకి లాగుతోంటే
కుడివైపు వంగి కూచోమన్నాను లోకనాథాన్ని.