పంపకం

ఏర్పేడు దాటినాక, ఇటుకబట్టీల పక్కన
పదకొండు ఇళ్ల యానాది కాలనీ.
సంచీలోంచి బీపీ మిషను తీస్తుంటే
ఇండ్ల మంకమ్మ నవ్వింది:
"వచ్చిందిరా మేడమ్మ పాము."

చేతికి చుట్టాను.
పట్టీ రెండు చుట్లు తిరిగినా వదులే.
బుడ్డ నొక్కితే బుస్సుమంది.
ఒకప్పుడు నాగుల్ని తోకపట్టి లాగిన చేయి
మర్యాదగా, కదలకుండా కూర్చుంది.

నూట ఎనభై నాలుగు. కింద నూట ఆరు.
మళ్లీ చూశాను. అంతే.

"తల తిరుగుతుందా?"
"కట్టెలమోపు ఎత్తితే భూమే తిరగతాది,
నా తల యాడ తిరగతాది."
"నొప్పి?"
"నొప్పి లేనిదాన్ని రోగమంటారా ఎవురన్నా?"

వయసు అడిగితే
స్వర్ణముఖి పొంగి గుడిసెలు కొట్టుకుపోయిన యేడు
కడగొట్టు బిడ్డ చంకలో ఉన్నాడంటుంది.
అరవై ఐదు అని రాసుకుంటాను,
నా పెన్నుకి తోచినట్టు.

ఉప్పు తగ్గించమన్నాను.
"కూరుంటే గదా మే ఉప్పు తగ్గించేది?
గంజిలో రాయుప్పే మాకు కూర."
నా ట్రైనింగు పుస్తకంలో
ఆ మాటకి జవాబు లేదు.

పోయిన నెల ముప్పై మాత్రలు ఇచ్చాను.
మరి అంకె ఎందుకు దిగలేదు?
"అన్నీ మింగినావా?"
ఈసారి నవ్వలేదు.
చూరులోంచి పాత సున్నపు డబ్బా తీసింది.
లోపల కొడవలి మొనతో కోసిన
తెల్లటి సగాలు, పావులు,
అడుగున కాస్త పొడి.

పోలయ్యకి సగం.
కార్డు లేదని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన
చెంగయ్యకి సగం.
కాళ్లు పడిపోయిన మునెమ్మకి
రాత్రిపూట పావు.

ఎలుకబొక్క తవ్విన రోజున
పట్టినోడికీ, కుండలో పొగ ఊదినోడికీ,
గట్టున ఊరికే నిలబడి చూసినోడికీ
ఒకే వాటా వేసే చేతులవి.
"నేనొకదాన్నే ఎట్ల తింటా మే?
వాళ్లకీ ఎక్కువే అని
నీ పామే చెప్పింది గదా."

రిజిస్టరులో గడి:
మందులు సక్రమంగా వాడుతున్నారా?
అవును. కాదు.
మూడో గడి లేదు.

సంచీలో ఇంకా ఇరవై మాత్రలున్నాయి.
కాలనీలో పెద్దోళ్లు ఏడుగురు.
ఇటుకల మీద కూర్చుని వేళ్లు మడిచాను,
విప్పాను, మళ్లీ మడిచాను.
మంకమ్మ చేయి చాపింది,
పట్టీ అచ్చు ఇంకా చెరగని చేయి:
"ఇటియ్, నేను చూపిస్తా."

ఇవ్వకూడదని తెలుసు.
సంచీ జిప్పు మాత్రం వేయలేదు.