గొత్తిల్ల

తూబరహళ్ళి మలుపులో నా ఇస్త్రీ బండి.
దాని వెనక రేకుల గుడిసెలు, మొన్నటిదాకా.

సిరాజుల్ చొక్కా ఇచ్చింది మంగళారం.
"మడత నిలబడాల భాయ్, స్టేషన్‌కి పోవాల.
కాగితం చూపించాలంట."
ఊరు పారేసిన కాగితాలన్నీ ఏరేవాడు
తనదొక్కటి పాల కవర్లో చుట్టి దాచుకున్నాడు.

ఆ రాత్రే వ్యాను వచ్చింది.
టార్చి నా మొహమ్మీద పడింది: "ఇవరు గొత్తా?"
మొర్జీనా, మా పాపకి జ్వరమొచ్చినప్పుడు
తడిగుడ్డ మారుస్తా తెల్లార్లూ కూచున్న మనిషి,
వ్యానులోంచి నన్నే చూస్తా ఉంది.
"గొత్తిల్ల సార్."
కదిరి నుంచొచ్చి పద్దెనిమిదేళ్ళు.
యాస లేకుండా నేను పలికిన కన్నడం
అదొక్కటే.

అపార్టుమెంట్లో మూడ్రోజులుగా చెత్త కదల్లేదు.
నాలుగో అంతస్తు మేడమ్ ముక్కు మూసుకుని అడిగింది,
"ఆ అబ్బాయి రాలేదేం?"
చీర అంచు సరిచేశాను.

గుడిసెల జాగాలో ఒంటి చెప్పు దొరికితే
మా పాప కడిగి బండి కింద పెట్టింది.
టుంపా వస్తే ఇస్తుందంట.

ఇంటికి పోయి ట్రంకుపెట్టె తీసి
నా కార్డు కూడబలుక్కుని చదివినాను.
పేరులో ఒక అక్షరం తప్పు.
ఇన్నేళ్ళూ పట్టించుకోలేదు.

చొక్కా ఇంకా బండి మీదే ఉంది.
మడతలో దుమ్ము.
బొగ్గులు చల్లారేలోపు
ఇంకోసారి తోమి పెడతాను.